వరదల నాటి వాట్సాప్ మెసేజీలు, యూట్యూబ్ కామెంట్లు: పరిశోధన డేటాను వేరేవాళ్లకు ఇవ్వొచ్చా?

ముందు ఒక పని చెయ్ చెల్లె. ప్రశ్నతో పాటు నువ్వు పెట్టిన ఎక్సెల్ స్క్రీన్‌షాట్ తీసెయ్. పేర్ల కాలమ్ మీద నల్లరంగు పూశావు గానీ, మెసేజ్ కాలమ్‌లో మూడో వరుసలో ఎవరిదో ఫోన్ నంబరు పది అంకెలూ కనబడుతున్నాయి. అది తీసేశాక వచ్చి మిగతాది చదువు.

వేరేవాళ్లు చదివినా అర్థమయ్యేట్టు నీ ప్రశ్న రెండు మాటల్లో చెబుతాను. హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నావు. 2023 జూలై వరదలప్పుడు మన ఉమ్మడి వరంగల్ జిల్లా జనం సోషల్ మీడియాలో సాయం ఎలా అడిగారన్నది నీ అంశం. యూట్యూబ్ వార్తల వీడియోల కింది కామెంట్లు 38 వేలు, ట్విట్టర్ పోస్టులు 6 వేలు, నాలుగు వాట్సాప్ గ్రూపుల మెసేజీలు 4 వేల పైచిలుకు నీ దగ్గర ఉన్నాయి. నీ పేపర్‌ను పరిశీలిస్తున్న జర్నల్ రివ్యూయర్, డేటాను అందరికీ అందుబాటులో పెట్టమన్నాడు. మీ గైడ్ గారు "పేర్లు తీసేసి పెట్టెయ్" అన్నారు. హైదరాబాద్‌లో చదివే నీ ఫ్రెండ్ తన ప్రాజెక్టు కోసం మొత్తం ఫోల్డర్ అడుగుతోంది. పెట్టాలా, ఇవ్వాలా, వద్దా?

పెట్టొచ్చు, ఇవ్వొచ్చు కూడా. కాకపోతే యూట్యూబ్, ట్విట్టర్, వాట్సాప్ మూడింటినీ ఒకే ఫోల్డరుగా చూడటం మానెయ్, దేని దారి దానిదే. "పేర్లు తీసేసి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒకప్పుడు నేనూ అదే నమ్మినవాణ్ని కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కింద పత్తి, మిర్చి రైతుల ఫేస్‌బుక్ గ్రూపు ఒకదాని నుంచి పోస్టులు ఏరి ఒక చిన్న అధ్యయనం చేశాం. పేర్లు తీసేశాం, ప్రొఫైల్ లింకులు తీసేశాం, ఊళ్ల పేర్లు కూడా తీసేశాం. రైతు 1, రైతు 2 అని నంబర్లు వేసుకున్నాం. చేయాల్సింది చేశామనే అనుకున్నాను. తర్వాత డిగ్రీ పిల్లలకు వర్క్‌షాప్ పెట్టి, అదే షీటును ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి చూపిస్తున్నాను. ఒక వరుసలో ఇలా ఉంది: "మూడు దినాలైతాంది బస్తాలు ఏసి. అడ్తిదారు మొకం సూపిస్తలేడు. ఎడ్లు అమ్మిన పైసలు గిట్ల ఒడిశినయ్." వెనక బెంచీలో ఒక పిలగాడు కిసుక్కున నవ్వాడు. ఏమైందంటే, "సార్, గీయన మా చిన్నాయిన" అన్నాడు. ఎట్లా తెలుసని అడిగితే, "ఆ యేడు మా ఊళ్లె ఎడ్లు అమ్మింది ఆయనొక్కడే సార్. మిగిలినోళ్లకు ఎన్నడో ట్రాక్టర్లు వచ్చినయ్" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నాకు చెమటలు పట్టాయి. ఆ చిన్నాయన అప్పటికీ అదే అడ్తిదారుకు సరుకు వేస్తున్నాడు, అతని దగ్గరే అప్పు తీసుకుంటున్నాడు. ఆ క్లాసులో అడ్తిదారు తాలూకు పిల్లలు ఉంటే? ఆ షీటు అప్పటికే పెన్ డ్రైవ్‌లో ముగ్గురికి ఇచ్చి ఉన్నాను. ఇద్దరి చేత తీసేయించాను. మూడో ఆయన "ఎక్కడో ఉంటది సార్, చూస్తా" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడనుకుంటా.

ఇది మన దగ్గరే జరిగే వింత కూడా కాదు. 2008లో హార్వర్డ్ పరిశోధకులు ఒక బ్యాచ్ విద్యార్థులు, సుమారు 1,700 మంది, వాళ్ల ఫేస్‌బుక్ ప్రొఫైళ్ల డేటాను ఇతర పరిశోధకుల కోసం విడుదల చేశారు. పేర్లు తీసేశారు, యూనివర్సిటీ పేరు కూడా చెప్పలేదు. కానీ డేటాతో పాటు ఇచ్చిన వివరాల పుస్తకంలో బ్యాచ్ ఎంతమంది, ఏయే కోర్సులున్నాయి అని ఉంది. ఆ కోర్సుల పేర్లను బట్టే అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లో తేలిపోయింది. కాలేజీ తెలిసిపోతే, ఫలానా రాష్ట్రం నుంచి వచ్చిన ఒకే ఒక్క విద్యార్థి ఎవరో కనుక్కోవడం ఎంతసేపు? చివరికి ఆ డేటాను వెనక్కి తీసుకున్నారు. వాళ్లు నిర్లక్ష్యంగా ఏమీ చేయలేదు, పరిశోధనలో నైతికతను చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా ఉంది. పేరు ఒక్కటే ఆనవాలు అనుకోవడం దగ్గర పొరబడ్డారు.

ఇక నీ డేటా సంగతి. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగింది. అదే సమయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఇట్లాంటి సంఘటన పదే పదే జరగదు. కాబట్టి నువ్వు ఊరి పేరు చెరిపేసినా, "ఊరంతా మునిగింది, జనం డాబాల మీద ఉన్నరు, హెలికాప్టర్ రావాలె" అన్న మాట, పక్కన తేదీ ఉంటే చాలు, భూపాలపల్లిలో చాయ్ తాగుతున్న ఎవరిని అడిగినా ఊరు చెబుతారు. ఊరు తెలిశాక "బడి ఎనుక రేకుల ఇల్లు, మా అవ్వకు నడుసుడు రాదు" అన్న ఒక్క ముక్కతో ఇల్లు తెలిసిపోతుంది. ఆ వరదలో మనుషులు పోయారని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి పెట్టిన మెసేజ్‌లో ఉన్న అవ్వ తర్వాత బతికిందో లేదో నీకు తెలుసా? వాళ్ల ఇంట్లోవాళ్లకు అది డేటా కాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇంగ్లిష్‌లో ఒక వాక్యం తీసుకుని గూగుల్‌లో వెతికితే అట్లాంటివే వందలు వస్తాయి. తెలుగులో, అందులోనూ మన యాసలో రాసింది నెట్‌లో ఉన్నదే తక్కువ. కొటేషన్ గుర్తుల మధ్య ఆ వాక్యం పెట్టి వెతికితే తిన్నగా అసలు పోస్టు దగ్గరికే తీసుకుపోయే అవకాశం ఎక్కువ. నీ పేపర్‌లో ఉదాహరణగా వాడిన ప్రతి వాక్యాన్నీ ఈ రోజే అలా వెతికి చూడు. దొరికిన వాటిని మార్చి రాయి, లేదా ఇంగ్లిష్ అనువాదం మాత్రమే ఇవ్వు. భాష మీద పని చేసేవాళ్లకు ఇది కష్టమే, యాసే కదా నీ సరుకు. అప్పుడు నాలుగు పోస్టుల్లోని ముక్కలు కలిపి నువ్వే ఒక వాక్యం కట్టి, "ఇది పరిశోధకురాలు కూర్చిన ఉదాహరణ" అని కింద నిజాయితీగా రాయాలి.

అన్నింటికంటే టెన్షన్ పెట్టేది వాట్సాప్. గ్రూపు అడ్మిన్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పంపాడని రాశావు. ఆ టెక్స్ట్ ఫైల్ ఒకసారి తెరిచి, తీరిగ్గా చూడు. సేవ్ చేసుకోని వాళ్లవి ఫోన్ నంబర్లు వస్తాయి. సేవ్ చేసుకున్న వాళ్లవి అడ్మిన్ తన ఫోన్‌లో ఏ పేరుతో దాచుకున్నాడో ఆ పేరుతో వస్తాయి. "కిరాణం శీను", "లైన్‌మన్ బావ", "అప్పు ఎగ్గొట్టిన రమేష్". ఈ మూడూ నేను కల్పించినవే, కానీ ఇట్లాంటివి నా కళ్లతో చూశాను. అంటే నీ ఫైల్‌లో గ్రూపు సభ్యుల మాటలే కాదు, వాళ్ల గురించి అడ్మిన్ మనసులో ఉన్నది కూడా ఉంది. ఆ కాలమ్‌ను ముందు కోడ్ నంబర్లుగా మార్చి, అసలు ఫైల్‌ను పాస్‌వర్డ్ పెట్టి విడిగా దాచెయ్.

కోడ్ నంబర్లు అన్నాను కదా, ఇక్కడ కంప్యూటర్ వాళ్లు ఒక తప్పుడు సలహా ఇస్తారు. "ఫోన్ నంబర్లను హ్యాష్ చేసెయ్, వెనక్కి తీయడం అసాధ్యం" అంటారు. హ్యాష్ అంటే నంబరును ఒక సూత్రంతో వేరే అక్షరాల గొలుసుగా మార్చడం. మన మొబైల్ నంబర్ పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లో ఒకటి. అంటే ఉండగలిగే నంబర్లన్నీ కలిపితే 400 కోట్లు. మనకు పెద్ద సంఖ్యే గానీ కంప్యూటర్‌కు కాదు. ఆ 400 కోట్లనూ హ్యాష్ చేసి, నీ జాబితాతో పోల్చి అసలు నంబర్లు బయటికి లాగడానికి మంచి ల్యాప్‌టాప్‌కు ఎంతో సేపు పట్టదు. కాబట్టి ఉత్త హ్యాష్ వద్దు. వరుసతో సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా కోడ్లు ఇచ్చి, ఏ కోడ్ ఎవరిదన్న పట్టికను నీ దగ్గరే విడిగా ఉంచు. పని అయ్యాక ఆ పట్టికను చెరిపెయ్.

అనుమతి మాటకొస్తే, అడ్మిన్ ఒప్పుకుంటే గ్రూపులోని 200 మంది ఒప్పుకున్నట్టు కాదు. కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ గుర్తుందా? 2018లో బయటపడింది. ఒక కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకుడు ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష యాప్ పెట్టాడు. అది వాడినవాళ్ల డేటాతో పాటు వాళ్ల స్నేహితుల డేటా కూడా లాగింది. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. దాని వల్ల డేటా పోయి ఉండొచ్చన్నవాళ్లు 5,62,455 మంది. అంటే తలా ఒకరు ఒప్పుకుని సుమారు 1,680 మందిని ఇచ్చేశారు. అడ్మిన్ ఒప్పుకుంటే చాలనుకోవడం సరిగ్గా ఈ లెక్కే.

ఇప్పుడేం చేయాలంటే, ఆ నాలుగు గ్రూపుల్లోకి అడ్మిన్ ద్వారా ఒక వాయిస్ మెసేజ్ పంపు. రెండు పేజీల సమ్మతి పత్రం పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు. ఒక్క నిమిషం, మన మాటలోనే చెప్పు: నువ్వెవరు, ఏ మెసేజీలు తీసుకున్నావు, ఏం తీసేశావు, ఎవరికి చూపిస్తావు, వద్దనుకుంటే నీకు విడిగా ఏమని మెసేజ్ పెట్టాలి, ఎప్పటిలోగా. నా అనుభవంలో ఎక్కువమంది "మంచిదే బిడ్డా, రాయి" అంటారు. ఇద్దరో ముగ్గురో వద్దంటారు. చాలామంది ఏమీ అనరు. ఏమీ అనని వాళ్ల మాటలను ఇంకొకరికి ఇవ్వకూడదని నా పద్ధతి. వాళ్ల మెసేజీలను మొత్తం లెక్కల్లో కలుపుకోవచ్చా లేదా అన్నది మీ ఎథిక్స్ కమిటీ తేల్చాలి. కమిటీ దగ్గరికి ఇంతవరకు పోలేదని నీ ప్రశ్న చూస్తే అర్థమవుతోంది. అయిపోయిన పనికి పాత తేదీతో అనుమతి అడగకు. "సేకరణ ఇలా జరిగింది, ఇప్పుడు పంచుకోవడానికి మీ సలహా కావాలి" అని ఉన్నదున్నట్టు రాసి ఇవ్వు. కోప్పడతారు, తర్వాత దారి చెబుతారు.

ఫొటోలు, వాయిస్ నోట్లు అసలు ఇవ్వకు. ముఖాలు, ఇంటి గోడల మీది నంబర్లు, షాపు బోర్డులు, వీటన్నింటినీ చెరుపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. గొంతు ఎట్లాగూ పేరుతో సమానం. "నీళ్లలో మునిగిన ఇంటి ఫొటో, మనుషులు లేరు" అని ఒక లైను వర్ణన రాసిపెడితే రివ్యూయర్‌కు అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

అనుమతి వచ్చిన మెసేజీల పాఠంలో ఏం మార్చాలో ఇప్పుడు చెబుతాను. టైమ్‌ను గంటకు సరిచెయ్, నిమిషాలు సెకన్లు వద్దు. ఊరి పేరు తీసి మండలం పెట్టు. ఆ మండలం నుంచి పట్టుమని పది మంది కూడా లేకపోతే జిల్లా పెట్టు. మన దగ్గర పదవులు కూడా పేర్లే అని మర్చిపోకు. ఊరికి సర్పంచ్ ఒక్కరే, లైన్‌మన్ ఒక్కడే, చాలా ఊళ్లకు ఆశా వర్కర్ కూడా ఒక్కామే. "సర్పంచ్ భర్త ఫోన్ ఎత్తుతలేడు" అన్న దాంట్లో పేరు లేదని వదిలేస్తే నువ్వు ఆయన అడ్రస్ ఇచ్చినట్టే. "గ్రామ ప్రతినిధి ఇంటివాళ్లు" అని మార్చు, కొంచెం చప్పబడినా సరే. ఇంటిపేర్లు, కులం తెలిపే మాటలు కూడా ఇదే లెక్క.

ఈ పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే మాత్రం దెబ్బతింటావు. పేర్లు గుర్తుపట్టే ప్రోగ్రాములు తెలుగులో అంతంత మాత్రం. విభక్తి తగలగానే తడబడతాయి. జనం ఇంగ్లిష్ అక్షరాల్లో "ma bava inka raledu" టైపులో రాసింది వాటికి ఇంకో లోకం. పైగా మన ప్రాంతంలో దేవుళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఒకటే. "సమ్మక్క తల్లీ కాపాడు" అంటే మేడారం తల్లి. "సమ్మక్కను డాబా మీదికి ఎక్కించినం" అంటే పక్కింటి ముసలామె. మిషను రెండిటినీ చెరిపేస్తే నీ భాషా విశ్లేషణ పోతుంది, రెండిటినీ వదిలేస్తే ముసలామె బయటపడుతుంది. మల్లన్న, రాజన్న, లక్ష్మి, అన్నీ ఇంతే. ముందు ప్రోగ్రాంతో ఒక దఫా నడిపించు, తర్వాత మనిషి చదవాలి. అది కూడా ఇద్దరు, విడివిడిగా. గంటకు నూటయాభై మెసేజీల చొప్పున చూసుకున్నా 4 వేలకు పాతిక గంటలు దాటుతుంది. వారం పది రోజుల సాయంత్రాలు. ఆ చదివేవాళ్లలో ఒకరు ఆ మండలాల మనిషి అయితే మేలు. నాకు ఎడ్ల సంగతి చెప్పిన పిలగాడి లాంటివాడు ఆ రోజు మా టీమ్‌లో లేడు. ఆ మనిషి దగ్గర రహస్యం కాపాడతానని సంతకం తీసుకోవడం మర్చిపోకు.

యూట్యూబ్ కొంచెం తేలిక. నువ్వు ఏపీఐ (ప్రోగ్రాంతో డేటా తీసుకోవడానికి యూట్యూబ్ ఇచ్చే అధికారిక దారి) ద్వారానే తీసి ఉంటే, దాని రోజువారీ కోటా లెక్క నీకు తెలిసే ఉంటుంది. చాలామంది చూడనిది ఆ ఏపీఐ నిబంధనల్లో నిల్వ గురించిన భాగం. తీసుకున్న డేటాను 30 రోజులకు మించి అట్లాగే దాచుకోకూడదు, మళ్లీ తాజా చేసుకోవాలి లేదా తీసేయాలి. కాబట్టి 38 వేల కామెంట్ల పాఠాన్ని ఒక సీఎస్‌వీ (పట్టిక) ఫైల్‌లో పెట్టి నెట్‌లో ఎక్కించడం వాళ్ల షరతులకు విరుద్ధం. పరిశోధకులు పాటించే పద్ధతి ఏమిటంటే వీడియో ఐడీ, కామెంట్ ఐడీ, ఆ కామెంట్ ఏ రకమో చెప్పే లేబుల్ మాత్రమే ఇస్తారు. కావలసినవాళ్లు ఆ ఐడీలతో తామే మళ్లీ తెచ్చుకుంటారు. ఈలోగా ఎవరైనా తమ కామెంట్ తీసేసి ఉంటే అది రాదు. డేటా తగ్గిపోతుందని రివ్యూయర్లు సణుగుతారు గానీ, తీసేసుకునే హక్కు రాసినవాళ్లకు ఉండాలి కదా. పేపర్ పంపే రోజున ఎన్ని ఐడీలు ఇంకా బతికి ఉన్నాయో ఒకసారి నడిపించి ఆ సంఖ్య రాస్తే సరిపోతుంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. ఐడీ ఉందంటే రాసినవాళ్ల ఛానల్ పేరు దొరికినట్టే. నీ లేబుల్ "సాయం అడగడం", "సమాచారం", "ప్రార్థన" అయితే ఇబ్బంది లేదు. "కులదూషణ", "పార్టీ విమర్శ" అని కూడా లేబుళ్లు వేశావని రాశావు. ఐడీ పక్కన ఆ లేబుల్ పెట్టి అందరికీ ఇస్తే, ఫలానా మనిషి కులదూషణ చేశాడని ఒక యూనివర్సిటీ పేరు మీద ముద్ర వేసి పంచినట్టు. నీ ముగ్గురు లేబులర్లలో ఇద్దరే అలా అనుకుని ఉండొచ్చు కూడా. ఆ రెండు లేబుళ్లను బహిరంగ ఫైల్‌లోంచి తీసి, అడిగి తీసుకునే ఫైల్‌లో పెట్టు. మిగతా వాటికి ముగ్గురి తీర్పులూ విడివిడిగా ఇవ్వు, మెజారిటీ ఒక్కటే ఇస్తే తర్వాత వచ్చేవాళ్లకు సగం ఉపయోగం పోతుంది.

ట్విట్టర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, బాధ తప్ప. 2021 జనవరిలో పరిశోధకులకు ప్రత్యేక మార్గం తెరిచి నెలకు కోటి ట్వీట్లు ఉచితంగా ఇచ్చారు. 2023లో అది మూసేశారు. సరిగ్గా నీ వరదల వారంలోనే పేరు కూడా ఎక్స్ అయింది. ఐడీలు మాత్రమే పంచుకోవడం అక్కడ కూడా పాత ఆనవాయితీ, పరిశోధన సంస్థల తరఫున అయితే ఎన్ని ఐడీలైనా ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉండేది. ఇచ్చే రోజున అప్పటి ఒప్పందం మళ్లీ చదివి ఇవ్వు, వాళ్లు తరచూ మారుస్తున్నారు. ఐడీలిచ్చినా మళ్లీ తెచ్చుకోవడానికి ఇప్పుడు డబ్బు కట్టాలి, మన పిల్లల స్కాలర్‌షిప్‌తో అయ్యే పని కాదు. ఫేస్‌బుక్ జోలికి నువ్వు పోలేదు, మంచిదే. అక్కడి పోస్టులు వెతకడానికి పరిశోధకులు వాడిన క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని 2024 ఆగస్టు 14న మూసేశారు. దాని బదులు వచ్చిన మెటా కంటెంట్ లైబ్రరీకి దరఖాస్తు పెట్టుకోవాలి, డేటాను చాలావరకు వాళ్ల కంప్యూటర్లలోనే చూసుకోవాలి. అక్కడ పంచుకోగలిగేది నీ కోడ్, నువ్వు వెతికిన మాటల జాబితా, అంతే.

చట్టం ఏమంటుందని అడిగావు. నేను లాయర్‌ను కాదు, చదివి అర్థం చేసుకున్నంత చెబుతాను. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. ఎవరైనా తమ డేటాను తామే బహిరంగంగా పెట్టుకుంటే ఈ చట్టం దానికి వర్తించదు. ఇది చూసి "యూట్యూబ్ కామెంట్లు అంటే పబ్లిక్కే" అని మనవాళ్లు సంబరపడతారు. "తామే" అన్న మాట మీద వేలు పెట్టి చదువు. వరదలప్పుడు కామెంట్ల నిండా ఉన్నది వేరేవాళ్ల నంబర్లు: "మా మేనత్త వాళ్లు ఇరుక్కున్నరు, ఈ నంబర్‌కు చెయ్యుండ్రి." ఆ నంబర్ పెట్టింది మేనత్త కాదు. వాట్సాప్ గ్రూపు మాటలను బహిరంగం అనడం ఇంకా కష్టం. పరిశోధనకు కూడా ఒక మినహాయింపు ఉంది, రెండు షరతులతో. ఆ డేటాతో ఏ ఒక్క మనిషి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. ఆ ప్రమాణాలు నియమాల చివర షెడ్యూల్‌లో ఉన్నాయి, పెద్దగా లేవు, ప్రింటు తీసుకుని మీ గైడ్ గారికీ ఒక కాపీ ఇవ్వు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల డేటా విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. కాబట్టి "రేపు మా టెన్త్ పరీక్ష" లాంటి మాటలున్న వరుసలను తీసేయడమే నయం.

రివ్యూయర్‌కు పెట్టాల్సింది ఇదీ: జెనోడో లాంటి, పరిశోధన డేటా దాచే వెబ్‌సైటులో (రిపాజిటరీలో) ఒక రికార్డు తెరువు. డీఓఐ, అంటే దానికో శాశ్వత గుర్తింపు సంఖ్య, వస్తుంది, పేపర్‌లో రాసుకోవడానికి పనికొస్తుంది. అందులో బహిరంగంగా యూట్యూబ్ ఐడీలు, సున్నితం కాని లేబుళ్లు, నీ కోడ్, లేబుల్ వేయడానికి నువ్వు రాసుకున్న సూచనల పత్రం ఉంటాయి. మార్చిన వాట్సాప్ పాఠాన్ని అదే చోట, అడిగితే ఇచ్చేలా తాళం వేసి పెట్టొచ్చు. డేటా గురించి వివరించే రీడ్‌మీ ఫైల్ మీద బద్ధకించకు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీశావు, ఏ మాటలతో వెతికావు, వరద, వాగు, చెరువు కట్ట తెగింది, వీటి ఇంగ్లిష్ అక్షరాల స్పెల్లింగులు ఏమేం వాడావు, ఏం తీసేశావు, ఎందుకు, అన్నీ అందులో రాయి. "వాగు"ను జనం ఎన్ని రకాలుగా టైప్ చేస్తారో ఆ జాబితా ఒక్కటే తర్వాతివాళ్లకు బంగారం. డేటా గురించి పేపర్‌లో రాసే పేరాలో దాచకుండా చెప్పు: ఇవి ఇక్కడ ఉన్నాయి, వాట్సాప్ అసలు పాఠం ఎవరికీ ఇవ్వము, సభ్యుల అనుమతి అంతవరకు లేదు, మార్చిన పాఠం కావాలంటే ఫలానా షరతులతో దరఖాస్తు చేయండి. మంచి జర్నళ్లు దీన్ని ఒప్పుకుంటాయి. ఒప్పుకోని రివ్యూయర్ ఉంటే ఎడిటర్‌కు మర్యాదగా రాయి, కమిటీ లేఖ జతచెయ్.

చివరగా నీ ఫ్రెండ్. ఆమె మంచిదే అయి ఉంటుంది, సమస్య ఆమె కాదు. ఆమె ల్యాప్‌టాప్, ఆమె రూమ్‌మేట్, రెండేళ్ల తర్వాత ఆమె ఆ ఫోల్డర్ సంగతే మర్చిపోవడం, అదీ సమస్య. ఏం ప్రశ్న మీద పని చేస్తోందో అడుగు. సగం సార్లు ఎదుటివాళ్లకు కావలసింది డేటా కాదు, ఒక పట్టిక. "ఏ గంటలో ఎన్ని సాయం అభ్యర్థనలు వచ్చాయి" అన్నది చాలంటే పది నిమిషాల్లో చేసి ఇచ్చెయ్. పాఠం కావాల్సిందే అంటే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయను, ఇంకొకరికి ఇవ్వను, ఫలానా తేదీకి చెరిపేస్తాను. ఆమె గైడ్ సంతకం కూడా ఉండాలి. ఆ తేదీని నీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజు ఫోన్ చేసి అడుగు. మొహమాటపడకు, నేను మొహమాటపడబట్టే ఆ మూడో పెన్ డ్రైవ్ ఇంకా ఎక్కడో ఉంది.

నాలుగు గ్రూపుల్లో ఒకటి మీ సొంతూరిదని రాశావు. ఆ గ్రూపు వాయిస్ మెసేజ్ నువ్వు చెప్పకు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరితోనైనా చెప్పించు. మన బిడ్డ అడిగిందని కాదనలేక ఒప్పుకుంటారు. వాయిస్ రికార్డ్ చేసేముందు రాసుకున్నది ఇక్కడ పెడితే చూస్తాను. రివ్యూ గడువు ఎప్పటివరకో రాయలేదు, నెల కంటే తక్కువ ఉంటే ఇప్పుడే ఎడిటర్‌ను పొడిగింపు అడుగు.